నోరు విప్పని డాక్టరమ్మ

జమ్మలమడుగు,
6 ఏప్రిల్ 2025

ఖాలాజాన్‌కు మసరత్ సలాం.

ఫోన్ చేయకుండా కాగితం పట్టుకున్నానని కోప్పడొద్దు. నీకు కుడి చెవి వినపడదు, ఎడమ చెవి దానికి ఇష్టమైతేనే వింటుంది. నీతో ఫోన్లో మాట్లాడాలంటే నేను అరవాలి, అరిస్తే మా వీధి మొత్తానికి నా సంగతి తెలిసిపోతుంది. అబ్బాకు ఉర్దూ తప్ప చదవడం రాదు కాబట్టి మనిద్దరి మధ్య తెలుగు ఉత్తరమే భద్రం. దీన్ని తీసుకుపోయి నీ నేస్తం అఖ్తర్ బీకి చదివి వినిపించొద్దు.

సంగతేమంటే, జనవరి నుంచి నాకు బాగాలేదు. క్లాసులోకి అడుగుపెడితే చాలు, గుండె పట్టేసినట్టవుతోంది. చేతులు చల్లబడతాయి, ఊపిరి అందదు. మొదట్లో వారానికొకసారి వచ్చేది, తర్వాత రోజూ వచ్చింది. ఫిబ్రవరిలో ఒకరోజు ఎనిమిదో తరగతికి లెక్క చెబుతూ చెబుతూ సగంలో చాక్‌పీసు బల్ల మీద పెట్టి బయటికి వచ్చేశాను. నలభై మంది పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూస్తూ ఉండిపోయారు. అబ్బాతో కడపకు పోయి ఈసీజీ, రక్తపరీక్ష, స్కానింగు అన్నీ చేయించుకున్నాను. గుండె శుభ్రంగా ఉందట. ఇది మనసుకు సంబంధించింది, సైకాలజిస్టును కలవమన్నాడు అక్కడి డాక్టరు. ఇంటికి వస్తూ బస్సులో అబ్బా ఒకటే మాట. "మనసుకు డాక్టరేందిమ్మా? మనసేమన్నా మిక్సీనా, ఇప్పి చూసేకి?" ముప్పై ఏళ్ళుగా మిక్సీలు బాగుచేస్తున్న మనిషికి ఆ మాటే వస్తుంది మరి.

హెడ్‌మాస్టరు జూన్ పన్నెండు దాకా గడువిచ్చాడు. బడి తెరిచిన రోజు నేను క్లాసులో నిలబడలేకపోతే ఇంకొకరిని పెట్టుకుంటాడు. ఆరేళ్ళుగా చెబుతున్నాను ఖాలా అక్కడ. ఆ ఉద్యోగం పోతే నేను ఇంట్లో కూర్చుని ఏమైపోతానో నాకే తెలియదు.

పోయిన బుధవారం మీ ప్రొద్దుటూరులోనే కౌన్సెలింగు అని బోర్డు చూసి ఒకాయన దగ్గరికి పోయాను. నలభై నిమిషాలు కూర్చోబెట్టాడు. అందులో ముప్పై ఐదు నిమిషాలు ఆయనే మాట్లాడాడు. ఎన్ని కాపురాలు నిలబెట్టాడో, ఏ ఏ ఊళ్ళలో సన్మానాలు చేశారో అన్నీ చెప్పాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారే, నేను ఫీజు కట్టి మరీ లోకువయ్యాను. తలుపు కూడా మూయలేదు. బయట బెంచీ మీద మా బడిలో చదివే పిల్లవాడి తల్లి కూర్చుని ఉంది. ఆమె చెవిలో పడేటట్టు, "ఇరవై ఎనిమిదేండ్లు వచ్చినా పెండ్లి కాకపోతే ఇట్లే ఉంటాది తల్లీ. ఒక మంచి సంబంధం చేసుకో, అన్నీ సర్దుకుంటాయి" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి వచ్చేశాను.

నాకు ఆడమనిషి కావాలి. తలుపు మూసే మనిషి కావాలి. మన చుట్టాలకు తెలిసినవాళ్ళు కాకూడదు. నా మాట పూర్తయ్యేదాకా నోరు మూసుకుని వినాలి. ఇంతకన్నా ఎక్కువ షరతులు పెండ్లికొడుక్కి పెడతారు కదా. నీకు నలుగురు తెలుసు. నా పేరు చెప్పకుండా ఎవరైనా ఉన్నారేమో కనుక్కో.

మీ మసరత్


ప్రొద్దుటూరు,
12 ఏప్రిల్ 2025

బేటీ మసరత్‌కు ఖాలా దువాలు.

ముందు నా కోపం సంగతి తేల్చు. ప్రొద్దుటూరుకు వచ్చి, డాక్టరును చూసుకుని, నా వీధి మొగదల మీదుగా పోయి బస్సెక్కావా? తల్లి చెల్లెలు, సొంత ఖాలా ఇల్లు నీకు కనపడలేదా? ఇరవై చిల్లర కిలోమీటర్లు. మీ అమ్మ, మా ఆపా, పోయినప్పటినుంచి నువ్వు నా గడప తొక్కలేదు. రంజాన్‌కు సేమ్యా పంపిస్తే డబ్బా కడిగి కండక్టరు చేత తిప్పి పంపావు. మీ అబ్బా వద్దంటున్నాడా? అబ్దుల్ సలాం సంగతి నాకు కొత్త కాదు. నిఖా నాడే తన చెల్లెలికి మర్యాద సరిగా జరగలేదని అలిగిన మనిషి. ఆయనే వద్దంటుంటే రాయి, నేను వచ్చి మాట్లాడతాను.

ఇక ఆ బోర్డు పెద్దమనిషి. ఆయన్ను నేను ఎరుగుదును. నిరుడు దాకా ఆ గదిలో ట్యూషన్ చెప్పేవాడు. ఆయన ఇంట్లో గొడవలకు పక్కింటివాళ్ళు పోయి సర్దిచెప్పేవాళ్ళు. తలుపు తీసిపెట్టి ఆడపిల్ల పెండ్లి గురించి మాట్లాడతాడా? జాకెట్టు కొలత తీసుకునేటప్పుడు నేను కూడా పరదా వేస్తాను. ఏడో తరగతి చదివిన దాన్ని, నాకు తెలిసిన మర్యాద ఆయనకు తెలియదు.

నీకు దిష్టి తగిలిందని నా అనుమానం. లేదంటే ఆ హెడ్‌మాస్టరు పని ఎక్కువ పెట్టి ఉంటాడు. ముగ్గురు చేసే పని ఒక్కదాని నెత్తిన పెడితే గుండె పట్టేయక ఏమవుతుంది? తావీజు తెస్తానంటే నువ్వు నవ్వుతావు కాబట్టి తేవడం లేదు, కానీ మనసులో అనుకున్నాను.

అఖ్తర్ బీకి ఉత్తరం చదివి వినిపించలేదు. నోటితో చెప్పానంతే, అదీ నీ పేరు లేకుండా. దాని కూతురు అంటుంది, ఈమధ్య ఫోన్లోనే డాక్టర్లు దొరుకుతున్నారట, మొహం కనపడేటట్టు మాట్లాడతారట. ఊరివాళ్ళకు తెలియకుండా జరిగిపోతుంది. అది చూడు. బాగా తిను.

నీ ఖాలా,
అమీనాబీ


జమ్మలమడుగు,
29 ఏప్రిల్ 2025

ఖాలాజాన్‌కు సలాం.

అబ్బా నన్నేమీ అనలేదు. ఆయన్ను వదిలెయ్. నేను రాకపోవడానికి ఆయన కారణం కాదు.

నువ్వు చెప్పినట్టు ఫోన్ డాక్టరును చూశాను. ఊరివాళ్ళకు తెలియకుండా జరిగిపోతుందని ఎంత తేలిగ్గా రాశావు ఖాలా. మా ఇల్లు రెండు గదులు. ముందు గదిలో అబ్బా, వెనక గదికీ వనజమ్మ వాళ్ళ వంటింటికీ మధ్య ఒక్క గోడ. వనజమ్మ పోపు వేస్తే మేము తుమ్ముతాం. మొదటిసారి మిద్దె మీద కూర్చున్నాను. రెండు మాటలు చెప్పానో లేదో, కింద నుంచి అబ్బా. "ఎవురితో మాట్లాడతాండావు మసరత్, ఎండలో?" పక్క మిద్దె మీద వడియాలు పెడుతున్న వనజమ్మ, "కువైట్ నుంచి మీ తమ్ముడు వసీం గదా, నేనూ మాట్లాడతా, ఈ పక్కకు ఇయ్యి" అని చెయ్యి చాపింది. ఫోన్ కట్టేశాను.

రెండోసారి ఆటో మాట్లాడుకుని మైలవరం డ్యాం కట్ట మీదికి పోయాను. డాక్టరును చూసేదానికి పది కిలోమీటర్లు పోయి, గొడుగు కింద, నీళ్ళ పక్కన కూర్చున్నాను. ఆమె ఎక్కడో పెద్ద ఊళ్ళో ఏసీ గదిలో ఉంది. నేను, "అమ్మీ పోయినంక ఒకసారి ఆడ క్లాసులో..." అన్నాను. ఆమె నవ్వింది. "మీ యాస చాలా క్యూట్‌గా ఉందండీ, సినిమాల్లో లాగా" అంది. నేను తల్లి చావు గురించి చెబుతుంటే ఆమెకు సినిమా గుర్తొచ్చింది. తర్వాత నేను పుస్తకం తెలుగులో మాట్లాడదామని ప్రయత్నం చేశాను. ప్రతి మాటా ముందే సరిచేసుకుని చెబుతుంటే చెప్పాల్సింది మిగిలిపోయింది. బాధ చెప్పుకోవడానికి కూడా యాస దిద్దుకోవాలా? అదేమన్నా ఇంటర్వ్యూనా?

ఆఖర్న ఆమె చెప్పింది విను. రోజూ అరగంట నాకోసం నేను కేటాయించుకోవాలట. సువాసన కొవ్వొత్తి వెలిగించుకుని స్నానం చేయాలట. కుటుంబం బాధపెడుతుంటే దూరంగా ఫ్లాట్ తీసుకోవాలట. మాకు కుళాయి రెండు రోజులకొకసారి వస్తుందని చెప్పాను. ఆమెకు అర్థం కాలేదు. అప్పటికే టైమ్ అయిపోయిందని ఫోన్ మీద గంట మోగింది.

కట్ట మీద వల ఎండబెట్టుకుంటున్న ముసలాయన ఇదంతా చూస్తున్నాడు. నేను లేస్తుంటే, "ఎవురమ్మా అది, నిన్ను అంత ఏడిపిచ్చినాది? నెంబరియ్యి, నేను తిడతా" అన్నాడు. నెల రోజుల్లో నాకు నచ్చిన మాట చెప్పినవాడు ఆయనొక్కడే.

బడి తెరవడానికి ఇక నలభై నాలుగు రోజులున్నాయి.

మసరత్


ప్రొద్దుటూరు,
3 మే 2025

బేటీకి దువాలు.

కొవ్వొత్తి వెలిగించుకుని స్నానమా? మనకు కరెంటు పోతేనే కొవ్వొత్తి. ఆ నెంబరు నాకు కూడా పంపు, ముసలాయన తిట్టింది చాలకపోతే నేను అందుకుంటాను.

పులివెందులలో గౌరి అని ఒకామె ఉందట. మందుల అంగడి పైన గది, గురువారం, శనివారం కూర్చుంటుందట. అఖ్తర్ బీ మరదలి కోడలికి కాన్పు తర్వాత మనిషి మనిషిగా లేకుంటే ఆమె దగ్గరికే పోయి బాగుపడిందట. నువ్వు తొందరపడి పోవద్దు. రెండుసార్లు మోసపోయావు. ఈసారి నేను పోయి విచారించి రాస్తాను. అంతదాకా ఓపిక పట్టు.

ఖాలా


ప్రొద్దుటూరు,
11 మే 2025

మసరత్‌కు,

నిన్న పులివెందులకు పోయి వచ్చాను. నా జన్మలో అంత అవమానం నాకు ఎవరూ చేయలేదు. మొదటినుంచి చెబుతాను.

సంబంధం చూసేటప్పుడు ముగ్గురిని అడగమని మా అమ్మ చెప్పేది. ఎదురింటివాళ్ళను, పాలు పోసే మనిషిని, గాజుల అంగడామెను. ఈ ముగ్గురికీ తెలియని ఇల్లు ఉండదు. నేనూ అఖ్తర్ బీ అదే పద్ధతిలో పోయాం. ఎదురింట్లో వాళ్ళు నెమ్మదైన మనిషి అన్నారు. పాలాయన తల్లీ కూతురు ఇద్దరే ఉంటారన్నాడు. గాజుల అంగడామె దగ్గర అసలు సంగతి బయటపడింది. ఆ గౌరి మొగుడితో లేదట. నాలుగేళ్ళయింది విడిపోయి. నాకు తల తిరిగింది. తాను దూర సందు లేదు, మెడకో డోలు అన్నట్టు, తన కాపురం నిలబెట్టుకోలేనిది నా బిడ్డ మనసు నిలబెడుతుందా? "నీకెందుకమ్మా ఇంత ఆరా?" అని గాజులామె అడిగింది. ఉన్నమాటే చెప్పాను. జమ్మలమడుగులో మా ఆపా కూతురు, టీచరు, మనసు బాగాలేదు, దానికోసం అని. ఆరా తీసేటప్పుడు ఎవరికోసమో చెప్పకపోతే ఎవరు నిజం చెబుతారు?

అయినా రెండు గంటలు బస్సులో పోయాం కదా అని పైకెక్కాను. తలుపు మూసి లోపల ఎవరితోనో మాట్లాడుతోంది. నేను తడితే తీయలేదు. ముక్కాలు గంట మెట్ల మీద కూర్చున్నాం, నా మోకాళ్ళతో. తర్వాత పిలిచింది. నీకు టైమ్ మిగులుతుందని నీ కథంతా నేనే చెప్పడం మొదలుపెట్టాను. చిన్నప్పటి నుంచి. ఆమె చెయ్యి ఎత్తి ఆపింది. "అమ్మా, నీ గురించి చెప్పుకునేది ఉంటే కూసో, వింటా. ఇంకొకరి గురించైతే వద్దు. వాళ్ళే వచ్చి చెప్పుకుంటారు" అంది. నేను పెద్దదాన్ని, దాని తల్లి వయసు. సరే, పోనీ అని మింగాను. "నా బిడ్డ వచ్చినంక ఏం చెప్పిందో నాకు ఫోన్ చేసి చెప్పల్ల, నేను దాని తల్లి చెల్లెలిని" అన్నాను. ఏమందో తెలుసా? "చెప్పనమ్మా. ఏం చెప్పిందో చెప్పను. వచ్చిందో, రాలేదో గూడా చెప్పను."

మసరత్, ఇంటి ఆడబిడ్డ సంగతి ఇంటివాళ్ళకే చెప్పని డాక్టరు ఎక్కడైనా ఉంటుందా? పంటి డాక్టరు కూడా నాకు అన్నీ చెబుతాడు. అఖ్తర్ బీ నన్ను చెయ్యి పట్టుకుని దించుకు రాకపోతే అక్కడే నాలుగు దులిపేదాన్ని. ఆమె మనకు వద్దు. నేను కర్నూలులో కనుక్కుంటాను.

ఖాలా అమీనాబీ


జమ్మలమడుగు,
18 మే 2025

ఖాలాకు,

నువ్వు ఉత్తరం వేసే లోపలే నీ విచారణ జమ్మలమడుగుకు వచ్చేసింది. గాజుల అంగడామె అక్క కోడలిది మా వీధి వెనకే. సోమవారం ఒకాయన గ్రైండరు తెచ్చి అబ్బా ముందు పెట్టి, "ఏం సలాం బాయ్, బిడ్డకు తల చెడిందంట గదా, పులివెందులలో చూపిస్తాండారంట" అన్నాడు. అబ్బా చేతిలో స్క్రూడ్రైవరు కింద పడింది. ఆయన సాయంత్రం దాకా అంగట్లోనే కూర్చున్నాడు, ఇంటికి వచ్చి నా మొహం చూడలేదు. బుధవారం హెడ్‌మాస్టరు ఫోన్ చేశాడు. ఆరోగ్యం బాగుందని డాక్టరు కాగితం తెస్తేనే బడి లోపలికి అంటున్నాడు. మొదటి ఉత్తరంలో నిన్ను ఒక్కటే అడిగాను. నా పేరు చెప్పొద్దని. నువ్వు పేరు తప్ప అన్నీ చెప్పావు. పోయినేడు తల్లి చనిపోయిన, పెండ్లి కాని, ముస్లిం లెక్కల టీచర్లు జమ్మలమడుగులో ఎంతమంది ఉంటారనుకున్నావు?

గౌరి మొగుడితో లేకపోతే నీకేం నష్టం? మొగుడితో ఉన్నవాళ్ళందరి మనసులూ బాగున్నాయా? ఆ బోర్డు పెద్దమనిషి పెండ్లాంతోనే ఉన్నాడు కదా, నాకేం ఒరిగింది? సంబంధం చూడమని నేను నిన్ను అడగలేదు. నేను ఆమె ఇంటికి కోడలిగా పోవడం లేదు.

అయినా నీ ఉత్తరం నేను నాలుగుసార్లు చదివాను. తిట్టుకుంటూ చదివాను. చివరికి ఒకచోట ఆగిపోయాను. తలుపు మూసి ఉంది అన్నావు. నువ్వు తడితే తీయలేదు అన్నావు. వచ్చిందో రాలేదో కూడా చెప్పను అందన్నావు. ఖాలా, నీ ముందు నోరు విప్పకుండా నిలబడిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. మా అమ్మీ వల్ల కూడా కాలేదు. నాకు కావలసింది సరిగ్గా ఆమేనని నువ్వే రాసి పంపావు.

గురువారం పోయి వచ్చాను. మన మాటే మాట్లాడుతుంది. "శానా దూరం నుంచి వచ్చినావు, నీళ్ళు తాగు" అంది. "మా ఖాలా మీ దగ్గరికి వచ్చిందా?" అని అడిగాను. "నా దగ్గరికి ఎవురొస్తారో ఎవురికీ చెప్పను" అంది. మీ ఇద్దరిలో నాకు ఎవరి మీద కోపం రావాలో తెలియక నవ్వొచ్చింది. జనవరి తర్వాత నవ్వడం అదే మొదటిసారి.

దయచేసి కర్నూలుకు పోవద్దు.

మసరత్


ప్రొద్దుటూరు,
24 మే 2025

మసరత్‌కు,

నేను చెడ్డదాన్ని, ఒప్పుకున్నాను. మోకాళ్ళ నొప్పులతో రెండు బస్సులు మారి పోయినందుకు నాకిదే శాస్తి. గాజులామె నోరు అంత పెద్దదని నాకేం తెలుసు? అబ్దుల్ సలాంకు నేను ఫోన్ చేసి చెప్పాను, మనసు బాగా లేకపోవడం తల చెడడం కాదని, ఆ గ్రైండరు మనిషిని నా దగ్గరికి పంపమని. ఆయన ఏమన్నాడో నాకు వినపడలేదు.

కానీ ఒక మాట అడుగుతాను. పోతున్నావు, సరే. గంటసేపు తలుపు మూసుకుని ఆమెకు ఏం చెబుతున్నావు? ఆపా తర్వాత నీకు నేనే కదా. నిన్ను ఈ చేతులతో ఎత్తుకున్నాను. నీ మొదటి గౌను నేనే కుట్టాను. నాకు చెప్పలేని మాట, ఎవరో పరాయిదానికి చెప్పే మాట ఏముంది? ప్రొద్దుటూరుకు ఎందుకు రావో మొదటి ఉత్తరంలోనే అడిగాను, అబ్బా కారణం కాదన్నావు తప్ప అసలు జవాబు లేదు. నావల్ల తప్పు జరిగి ఉంటే దాచిపెట్టకుండా రాయి. నేను మొహం మీద మాట్లాడే మనిషిని, అవతలివాళ్ళు కూడా అట్లాగే ఉండాలనుకుంటాను.

అమీనాబీ


జమ్మలమడుగు,
9 జూన్ 2025

ఖాలాకు,

అడిగావు కాబట్టి రాస్తున్నాను. నాలుగు గురువారాలు ఆ గదిలో నేను చెప్పింది ఒక్క రోజు సంగతే.

నిరుడు ఆగస్టు ఇరవై ఎనిమిది, బుధవారం. బడికి మండలం నుంచి తనిఖీకి వస్తున్నారు. పొద్దున నేను చీర కుచ్చిళ్ళు సర్దుకుంటుంటే అమ్మీ గుమ్మం పట్టుకుని, "కొంచెం నలతగా ఉండాది" అంది. ఆస్పత్రికి పోదామా అన్నాను. "ఏం లేదులే, నువ్వు పోయిరా, సాయంత్రం చూద్దాం" అంది. నేను పోయాను. మూడు గంటలకు వనజమ్మ బడికి ఫోన్ చేసింది. ఆటోలో నా ఒళ్ళో పడుకోబెట్టుకుని ప్రొద్దుటూరు దాకా కూడా తీసుకుపోలేకపోయాను.

సాయంత్రం మా పెరట్లో అమ్మీని పడుకోబెట్టారు. చుట్టూ ఆడవాళ్ళు. నువ్వు వచ్చావు. అమ్మీ మొహం చూశావు. తర్వాత నావైపు తిరిగి, అందరూ వింటుండగా అన్నావు. "దీనికి బడి ముఖ్యమైపాయ, తల్లి ముఖ్యం కాకపాయ. పొద్దున్నే తోలుకోని పోయింటే మా ఆపా బతికుండు."

ఎవరూ నిన్ను కాదనలేదు. ఒక్కరంటే ఒక్కరు. నేను అమ్మీకి ఆఖరి స్నానం, గుస్ల్, చేయించే దగ్గర నీళ్ళు పోయడానికి వస్తే ఒకామె నా చేతిలోంచి చెంబు తీసుకుంది. నా తల్లికి ఆఖరి నీళ్ళు నేను పోయలేదు ఖాలా.

జనవరిలో మళ్ళీ తనిఖీకి వచ్చారు. వాళ్ళ జీపు చప్పుడు విన్న రోజు మొదలైంది నాకు. నువ్వేమో దిష్టి అన్నావు, హెడ్‌మాస్టరు అన్నావు, అబ్బా అన్నావు. అందరి మీదా కోప్పడ్డావు. నాకు పిచ్చి కోపం వచ్చేది, నీ ఉత్తరం ఒక్కొక్కటి వస్తుంటే. నీకే ఎందుకు రాశానో చెప్పనా? అమ్మీ చెల్లెలివి నువ్వొక్కదానివే. రాస్తే ఎప్పుడో ఒకసారి నీకు గుర్తొస్తుందనుకున్నాను. నువ్వు నాకు చేసింది నీకు గుర్తు కూడా లేదు. నేను తొమ్మిది నెలలుగా రోజూ వింటున్నాను.

ఎల్లుండి కాక మరుసటి రోజు బడి. పోతాను. గౌరి మేడమ్ కాగితం ఇచ్చింది. ఆమె నన్ను నీది తప్పు కాదు అని ఒక్కసారి కూడా బుజ్జగించలేదు. "ఆ మాట నీది కాదు గదా, మరి నీ గొంతుతో ఎందుకు చెప్పుకుంటాండావు?" అని అడిగింది. దాని గురించే ఆలోచిస్తున్నాను.

జవాబు రాయకపోయినా పరవాలేదు.

మసరత్


జమ్మలమడుగు,
14 జూలై 2025

ఖాలాకు,

నిజంగానే రాయలేదు నువ్వు. అఖ్తర్ బీ ఫోన్ చేస్తే ఒంట్లో బాగుందని చెప్పింది, అంతవరకు చాలు.

బడికి పోతున్నాను. మొదటి వారం రెండు పీరియడ్లు కుర్చీ పట్టుకుని చెప్పాను. ఇప్పుడు ఎక్కువ రోజులు నిలబడే చెబుతున్నాను. పోయిన మంగళవారం మళ్ళీ పట్టేసింది. ఎనిమిదో తరగతి పిల్లలకు ఒక లెక్క ఇచ్చి, అది వాళ్ళు చేసేదాకా కిటికీ దగ్గర నిలబడ్డాను. పోయింది.

అమ్మీ పోయి ఏడాది నిండే బర్సీకి మీ ఇంట్లో ఫాతిహా ప్రార్థన పెడుతున్నావని అబ్బా చెప్పాడు. నేను రాను.

మసరత్


ప్రొద్దుటూరు,
18 ఆగస్టు 2025

మసరత్,

పది వారాలైంది. ఎనిమిది ఉత్తరాలు మొదలుపెట్టి చింపేశాను. మొదటి రెండింట్లో నిన్నే తిట్టాను. ఆ రోజు ఏడుపులో ఏదో అన్నానని, దాన్ని పట్టుకుని కూర్చుంటారా అని. తర్వాత రాసినవి చదివితే నా మీద నాకే అసహ్యం వేసింది.

నాకు గుర్తు లేదని రాశావు. గుర్తుంది. ప్రతి అక్షరం గుర్తుంది. గుర్తు లేనట్టు ఉండడానికే అందరి మీదా కోప్పడుతూ వచ్చాను. ఎందుకో విను. ఆపా చనిపోవడానికి రెండు రోజుల ముందు, సోమవారం, మా ఇంటికి వచ్చింది. నీకు తనిఖీ ఉందని, కొత్త జాకెట్టు తీసుకుపోదామని వచ్చింది. కూర్చుంటూనే ఎడమ జబ్బ లాగుతోందని చెప్పింది. ఆయాసంగా ఉందని చెప్పింది. నేను వాయువన్నాను. నూనె కాచి రుద్దాను, వాము నీళ్ళు తాగించాను. "మసరత్‌కు చెప్పి దాన్ని బెదరగొట్టొద్దాపా, పాపం తనిఖీ పనిలో ఉండాది" అని నేనే చెప్పి బస్సెక్కించాను. బుధవారం పొద్దున నీతో ఏం లేదులే అన్నది ఆమె కాదు. నేను నేర్పిన మాట అది.

ఆ పెరట్లో ఆపా మొహం చూసినప్పుడు ఇదంతా నా కళ్ళ ముందుకొచ్చింది. ఎవరో ఒకరి మీద పడేయకపోతే నేను అక్కడే పోయేదాన్ని. ఎదురుగా నువ్వున్నావు. ఇరవై ఏడేళ్ళ పిల్లవి, తల్లి పోయి రెండు గంటలైంది. నీ మీద వేశాను. ఇంతకన్నా నీచం నేను ఎక్కడా చూడలేదు, ఇంకెవరైనా చేసి ఉంటే వాళ్ళను ఊళ్ళో తిరగనిచ్చేదాన్ని కాదు.

పులివెందులకు మళ్ళీ పోయాను, ఈసారి నా గురించి చెప్పుకోవడానికి. నువ్వక్కడికి పోతున్నావని నేనే చెబితే అవుననీ కాదనీ అనలేదు, ఒకే ఇంటివాళ్ళను ఇద్దరినీ చూడనని కడపలో ఇంకొకామె పేరు రాసిచ్చింది గౌరి. పోతున్నాను. అంతకన్నా నీకు చెప్పను.

నిన్న, మన చంద్రుడి నెలల లెక్కన, ఆపా బర్సీ. నలుగురిలో అన్న మాట నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలని మన పెద్దలు పంచాయితీల్లో చెప్పేవాళ్ళు. చెవిలో క్షమాపణ అడిగితే చెల్లదు. అందుకని ఆ రోజు మీ పెరట్లో ఎవరెవరున్నారో గుర్తు చేసుకుని పేర్లు రాసుకుని పిలిచాను. ఫాతిహా అయ్యాక, పళ్ళేలు పెట్టకముందే లేచి నిలబడి చెప్పాను. సోమవారం సంగతి, నూనె, వాము నీళ్ళు, నేను ఆపాకు చెప్పిన మాట, నీ మీద వేసిన నింద, అన్నీ. అఖ్తర్ బీ నన్ను కూర్చోబెట్టబోతే కూర్చోలేదు. నీ చేతిలోంచి చెంబు తీసుకున్నామె ఏడ్చింది, తినకుండా లేచి పోయింది. పోనీ. నేను పిలిచింది తినడానికి కాదు.

రాలేనివాళ్ళు ముగ్గురు. మైదుకూరులో మంచాన పడిన పెద్ద పిన్నమ్మ దగ్గరికి ఈ పొద్దున బస్సులో పోయి చెప్పి వచ్చాను. ఆ తర్వాత కువైట్‌కు పోయిన మన చుట్టం జహీర్ పెండ్లానికి ఫోన్లో చెప్పాను. నేను ఎంత గట్టిగా చెప్పానో నాకు తెలియదు, దానికి మాత్రం వినపడింది. వనజమ్మ దగ్గరికి రేపు పోతాను.

నువ్వు గౌరి దగ్గరికి పోవడం మానొద్దు. నేను వెనక్కి తీసుకున్నంత మాత్రాన నీ గుండె నెమ్మదిస్తుందని నేను అనుకోవడం లేదు. నన్ను మన్నించమని కూడా రాయడం లేదు. ఆ అడిగే హక్కు కాగితానికి లేదు.

ఆ రోజు పెరట్లో, నేను కాకుండా, పంతొమ్మిది మంది ఆడవాళ్ళున్నారు. రేపటితో పద్దెనిమిది మందికి చెప్పినట్టవుతుంది. పంతొమ్మిదో మనిషివి నువ్వు. ఆదివారం పొద్దున వస్తాను. తలుపు తీయడం, తీయకపోవడం నీ ఇష్టం.

అమీనాబీ